నాన్న బండికి ఏసీ

బండికి ఏసీ పెట్టించుకుంటానని మా బావ నా షెడ్డుకు వచ్చిన రోజు ఆయన కింది పెదవి చిట్లి ఉంది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఎవరో తీరిగ్గా ఉతికి ఆరేశారని చూడగానే తెలుస్తోంది. నాకు కలిగిన సంతోషం మొహంలో కనపడకుండా పానాల డబ్బాలోకి వంగి, అక్కర్లేని పానా కోసం కాసేపు వెతికాను.

"ఏమైంది బావా?"

"సిగ్నల్ దగ్గర ఎవడో బస్సు డ్రైవరు గొడవేసుకున్నాడు. నలుగురు పోగై మీద పడ్డారు. వదిలెయ్."

"వాళ్ళేం వదిలేసినట్టు లేరే."

బావాబామ్మర్దుల మధ్య ఆమాత్రం వేళాకోళం చెల్లుతుంది. ఆయన నవ్వబోయాడు, పెదవి సాగి నెత్తురు వచ్చింది, మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఎండకి బుర్ర పనిచెయ్యట్లేదురా," అన్నాడు. "ఆ బండెక్కితే పెనం మీద కూర్చున్నట్టుంది. ఒళ్ళు కాగిపోయి చెయ్యి లేస్తోంది. చల్లగా ఉంటే నేనూ చల్లగానే ఉంటాను. నీ చేతిలో పనే కదా, పెట్టేసెయ్."

చెయ్యి లేస్తోందన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. ఎవరి మీద లేస్తోందో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. లేచేది మా అక్క మీద.

పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. భుజం ఎముక ఒకసారి విరిగింది. ముందుపళ్ళు పోయాయి. కుడి మణికట్టు అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. ఒకసారి నేను ఆగలేక వెళ్ళి, ఇంటి గుమ్మంలోనే ఆయన్ని పడేసి కొట్టాను. అక్క అడ్డం వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. నేను ఇల్లు చేరేలోపు ఆ దెబ్బలన్నీ ఆవిడకు చేరిపోయాయి, పైన మరికొన్ని కలుపుకుని. "నువ్వు రాకురా, నువ్వొస్తే నాకే ఎక్కువ పడతాయి," అంది ఆసుపత్రి బల్ల మీద కూర్చుని. వదిలేసి వచ్చెయ్యమన్నాను. "ఎక్కడికొస్తాను, నీ ఇంటికేగా. ఆయనకు దారి తెలీదా?" అంది. అప్పట్నుంచీ నేను ఆయనతో నవ్వుతూ మాట్లాడుతున్నాను, లోపల పళ్ళు నూరుకుంటూ.

ఇంట్లో కొడితే ఆయనకో ఇబ్బంది ఉండేది. పక్క వాటాలో దర్జీ ఉంటాడు, మధ్య గోడ పల్చన. చప్పుడు మొదలవగానే దర్జీ ఇస్త్రీపెట్టెతో గోడ బాదేవాడు, మెట్ల మీద జనం చేరేవాళ్ళు. అందుకని ఆయన కొట్టడం బండిలోకి మార్చాడు. సరుకు దించే చోట్ల చూసుకోవడానికి మనిషి కావాలని అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. బండిలోనూ ఒక చిక్కు ఉంది. అక్క వైపు అద్దం ఎప్పుడో తలుపులోకి దిగి కూర్చుంది, ఎవరు తిప్పినా పైకి రాదు. అరుపులు రోడ్డుకు వినపడతాయి. కొట్టడానికి ఆయనకు చెయ్యి ఉంది గాని చోటు లేదు. మా అక్క ప్రాణానికి ఆ పాడు అద్దమే కాపలా అని నాకు అప్పటికి తట్టలేదు.

ఆ బండి అసలు మా నాన్నది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక ఇనప తొట్టి, తిప్పుకునే అద్దాలు, లోపల ఫ్యాను కూడా లేని పాత కాలపు పికప్పు. నాన్న అక్కకు డ్రైవింగ్ అందులోనే నేర్పాడు. "క్లచ్చును తొక్కెయ్యకమ్మా, బతిమాలుకో," అనేవాడు. అక్క బతిమాలుకోవడం ఎంత బాగా నేర్చుకుందంటే, నాన్న దిగి వెనక్కి నడిచి చూసుకోవాల్సిన సందుల్లో కూడా అద్దంలో చూస్తూ రివర్సు కొట్టి బండి పెట్టేది. నాన్న పోయాక తాళాలు బావ జేబులోకి వెళ్ళాయి. అక్క మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

నేను ఏసీ మెకానిక్‌ని. వేడెక్కినదాన్ని చల్లబరచడమే నా తిండి. కాబట్టి మనిషిని కూడా అలాగే చల్లబరచొచ్చని నమ్మాను. ఇంకో పని చేసుకునేవాడెవడూ ఇంత బుద్ధితక్కువగా ఆలోచించడు. ఎండలో ఆగిన కార్ల లోపల మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు పీక్కుతినడం, ఏసీకి గ్యాసు పట్టగానే మాటలు మెత్తబడడం నా షెడ్డులో రోజూ చూసేదే. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఆ ఏసీ పెట్టరా," అంది. "నిజంగా ఎండకేనేమో. చలికాలంలో కొంచెం తక్కువగానే ఉంటాడు."

ఆ గొంతులో ఆశ ఉంది. మర్నాడు పొద్దున్నే బండి కింద పడుకున్నాను.

పాత ఇంజనుకు ఏసీ తగిలించడం అంటే ముసలాడి భుజానికి మూట ఎత్తడమే. కంప్రెసర్ కూర్చోవడానికి చోటుండదు. మందం రేకు కోసి, వెల్డింగ్ పెట్టి, ఇంజను పక్కన దానికో పీట చేశాను. బెల్టు వంకర పోకుండా కప్పీలు వరసకు తెచ్చాను. రేడియేటర్ ముందు కండెన్సర్ నిలబెట్టి, కూలింగ్ కాయిల్ డబ్బా డాష్‌బోర్డు కింద బిగించాను. వైరింగు పని సైలెన్సర్‌ది. నాతో పాటు పనిచేసే ఎలక్ట్రీషియన్‌కు ఆ పేరు ఎందుకొచ్చిందంటే వాడి నోరు ఎప్పుడూ మూతపడదు కనుక. వైరు కలుపుతూ పాడతాడు, టీ తాగుతూ పాడతాడు, పాట రాకపోతే ఏదో ఒకటి కూస్తూ ఉంటాడు.

కాయిల్ బిగించడానికి నేను వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందికి తల దూర్చినప్పుడు అక్క కూర్చునే వైపు అంచు పగిలి ఉండడం చూశాను. పగులులో వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. పొడవాటివి, ఒకటి నెరిసింది, కుదుళ్ళతో సహా ఊడి వచ్చాయి. వాటి చుట్టూ నల్లగా ఎండిన మరక. జుట్టు పట్టి ఎన్నిసార్లు మోదితే ఇంత గట్టి అంచు పగులుతుందో నా చేతులకు తెలుసు. నేను ఇనుముతో బతికేవాణ్ణి. ఆ వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకున్నాను. బయటికొచ్చి సుత్తి తీసుకుని ఒక పాత సిలిండరు పళ్ళెం అయ్యేదాకా కొట్టాను. సైలెన్సర్ పాట ఆపి చూశాడు.

తర్వాత మళ్ళీ పనిలో పడ్డాను, ఇంకా శ్రద్ధగా. తొందరగా చల్లబడితే తొందరగా ఆగుతాడని నా పిచ్చి. తలుపుల చుట్టూ పాత రబ్బర్లు పీకి, పెద్ద కార్లకు వాడే మెత్తటి రబ్బర్లు వేశాను. ఇంజను వైపు గోడలో ఉన్న చిల్లులన్నీ మూశాను. నేల మీదా పైకప్పు లోపలా దళసరి పట్టీ అతికించాను. అక్క వైపు తలుపు విప్పి, అడుగున పడున్న అద్దాన్ని పైకి లేపి, గాడిలో కూర్చోబెట్టాను. సాయంత్రం బావ వచ్చి తలుపు వేసి తీసి చూశాడు.

"ఈ పక్క అద్దం తిప్పే పిడి తీసెయ్యి," అన్నాడు. "లోపలి గడియ పిడి కూడా."

"ఎందుకు బావా?"

"మీ అక్కకు గాలి పిచ్చి. అద్దం దించుతుంది. చలి బయటికి పోతుంది కదా."

ఏసీ పని చేసేవాడికి అది సబబుగానే వినపడింది. పిడులు విప్పి ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని జేబులో వేసుకుని, రేపు మధ్యాహ్నం ఇక్కణ్ణుంచే బయల్దేరతామని చెప్పాడు. దూరంగా ఒక రాళ్ళ క్వారీలో పని దొరికిందట. గది కూడా ఇస్తారట, చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదట. అక్కను తీసుకుపోతున్నాడు.

"దర్జీ గోల ఉండదు," అన్నాడు, నా వీపు తట్టి.

మర్నాడు అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. మూతి ఒక పక్క ఉబ్బి ఉంది. నన్ను చూసి, నేను చూడలేదనుకుని, చెంగుతో కప్పుకుంది. ఒక చేతిలో బట్టల సంచి. ఎండ నెత్తిన మాడుస్తోంది, షెడ్డు రేకులు చిటపటమంటున్నాయి.

గ్యాసు పట్టాక మా షెడ్డులో ఒక పరీక్ష ఉంది, మరెక్కడా చెయ్యగా నేను చూడలేదు. తలుపులూ అద్దాలూ బిగించి, ఒకణ్ణి లోపల కూర్చోబెడతాం. వాడు యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుని గొంతు చించుకుని పాడాలి. బయట నేను చెవి ఆనించి రబ్బరు వెంట తిరుగుతాను. పాట ఎక్కడ వినపడితే చలి అక్కడినుంచి కారుతున్నట్టు లెక్క, అక్కడ రబ్బరు సర్దుతాం. ఈ ఉద్యోగానికి సైలెన్సర్‌ను మించినవాడు దొరకడు. వాడు డ్రైవరు సీట్లో కూర్చుని మెడ నరాలు ఉబ్బేలా పాడుతున్నాడు. నేను చుట్టూ తిరిగాను. పాట లేదు. ఇంజను మోత, కంప్రెసర్ పట్టుకున్నప్పుడు టక్కుమనే చప్పుడు, బండి కింద పైపులోంచి నీటి చుక్కలు, అంతే. నా చేతి పనికి నాకే గర్వమేసింది.

బావ కూడా చెవి ఆనించి విన్నాడు. మొహం వెలిగింది.

"వీడిది బొంగురు గొంతు," అన్నాడు. "ఆడగొంతు సన్నం, సందుల్లోంచి వచ్చేస్తుంది. మీ అక్కను కూర్చోబెట్టు."

సైలెన్సర్ ఇంజను ఆపకుండానే దిగాడు. అక్క నా వంక చూసింది. వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎన్నాళ్ళకో ఆ చేతులు స్టీరింగు మీద పడ్డాయి, తెలియకుండానే నాన్న చూపించిన చోటే పట్టుకున్నాయి. బావ తలుపు వేశాడు.

"అరువు," అన్నాడు అద్దం బయట నుంచి, చేత్తో సైగ చేస్తూ.

అక్క కదల్లేదు.

పిడికిలితో అద్దం మీద గుద్దాడు. అక్క భుజాలు ముడుచుకున్నాయి, అద్దం అడ్డముందని ఆ భుజాలకు తెలియదు. మళ్ళీ గుద్దాడు. అప్పుడు అక్క నోరు తెరిచింది. పళ్ళు లేని చోటు కనపడింది, కళ్ళు మూసుకుపోయాయి, గొంతు మీద నరాలు తేలాయి. అది పరీక్ష కోసం అరిచిన అరుపు కాదు. ఎన్ని ఏళ్ళదో తెలియదు, లోపల ఉన్నదంతా ఒక్కసారి అరుస్తోంది. నేను అడుగు దూరంలో ఉన్నాను. నాకు ఏమీ వినపడలేదు.

బావ చెవి తీసి నా వైపు తిరిగాడు.

"శభాష్‌రా బామ్మర్దీ. చీమ చిటుక్కుమన్నా బయటికి రాదు."

నా అరికాళ్ళ దాకా చల్లబడిపోయింది. పిడులు లేని తలుపు, ఇంకో ఇల్లు లేని క్వారీ, ఈ గోడలూ రబ్బర్లూ. అక్కను చంపడానికి గది కట్టిచ్చాను, నా చేతులతో, ప్రేమగా.

"సిగ్నల్ దగ్గర ఏం జరిగింది బావా?" అన్నాను.

"బస్సులో ఒక ముసల్ది విని గోల చేసింది. డ్రైవరు దిగాడు." వాచిన కన్ను తడుముకుని నవ్వాడు. "ఇంక దిగడులే."

చేతిలో పెద్ద పానా ఉంది. దాంతోనే మూతి మీద కొట్టాను. మానుతున్న పెదవి మళ్ళీ చిట్లి, రెండుగా విడిపోయింది. వాడు వెనక్కి తూలాడు గాని పడలేదు. బస్తాలు మోసిన ఒళ్ళు అది. రెండో దెబ్బ గాల్లోనే పట్టుకుని నా చెయ్యి వెనక్కి మెలితిప్పాడు. భుజంలో ఏదో ఊడినట్టయింది, పానా జారిపోయింది. నా జుట్టు పట్టి పనిబల్ల మీద ఇనుము బిగించి పట్టే వైసుకేసి మోదాడు. ఒకసారి మోదినప్పుడు ముక్కు విరిగింది. రెండోసారి మోదినప్పుడు డాష్‌బోర్డు అంచు ఎలా పగిలిందో అర్థమైంది. సైలెన్సర్ వెనక నుంచి వచ్చి బావ మెడ పట్టుకున్నాడు. బావ జాకీ రాడ్డు అందుకుని వెనక్కి తిప్పి కొట్టాడు. సైలెన్సర్ మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఎప్పుడూ నోరు మూయనివాడు మాట లేకుండా నేల మీద చతికిలబడ్డాడు.

నేను పడిపోయాను. నెత్తురు కళ్ళలోకి కారి సరిగ్గా కనపడడం లేదు. ఆ పనిబల్ల గోడకు బోల్టులు వేసి బిగించిన ఇనప బల్ల. దాని కిందికి పాకాను. రాడ్డు నా తొడ మీద పడింది, నడుం మీద పడింది.

"అక్కను కాపాడతావా?" అంటున్నాడు, ఒక్కో మాటకూ ఒక్కో దెబ్బ. "కాపాడు. కాపాడు. నిన్ను ఇక్కడ పాతి దాన్ని తీసుకుపోతాను. అక్కడ ఎవడు వింటాడో చూస్తాను."

నా కాలు పట్టుకుని బయటికి లాగడానికి వంగాడు. ఒక చెయ్యి బల్ల మీద, వీపు బల్లకు ఎదురుగా నిలబెట్టిన బండి వైపు.

ఇంజను గొంతు మారింది. నేను బల్ల కింద నుంచి విన్నాను. క్లచ్చు పట్టుకోవడం తెలిసింది. కుదుపు లేదు, గింజుకోవడం లేదు, ఎంతో మెత్తగా బతిమాలినట్టు బండి కదిలింది. వాడికి వినపడే ఉంటుంది. తల తిప్పేలోపు బంపరు వాడి తొడలను వెనక నుంచి పట్టుకుని బల్లకు నొక్కింది. ఎండు కర్ర విరిచినట్టు రెండు చప్పుళ్ళు. నా కాలు వదిలేశాడు. రాడ్డు కింద పడి దొర్లింది. ఇంత నెత్తురులోనూ నా వృత్తి బుద్ధి నన్ను వదల్లేదు, బంపరు వెనకున్న కొత్త కండెన్సర్‌కు దెబ్బ తగల్లేదు కదా అని చూశాను. తగల్లేదు. అక్క అంగుళం ఎక్కువ రానివ్వలేదు, అంగుళం తక్కువా రానివ్వలేదు. హ్యాండ్‌బ్రేకు గరగరమని పైకి లాగిన చప్పుడు వచ్చింది. ఇంజను నడుస్తూనే ఉంది.

అప్పుడు వాడు అరవడం మొదలుపెట్టాడు. షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. బల్ల మీద బోర్లా పడి, బోనెట్టును వెనక చేత్తో గుద్దుతూ అరిచాడు. ముందు బూతులు. తర్వాత అక్క పేరు. తర్వాత అమ్మా. బండి కింద పైపులోంచి చల్లటి నీటి చుక్కలు ఒక్కొక్కటే పడి, నేల మీది నెత్తురుతో కలిసి నా వైపు పారుతున్నాయి.

పక్కకు పాకి, చక్రం పట్టుకుని లేచి, డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళాను. తలుపు గడియ లోపలి నుంచి నొక్కి ఉంది. అక్క రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ముందుకు చూస్తోంది. ఏసీ గాలికి నుదుటి మీద వెంట్రుకలు కదులుతున్నాయి. చెంగు మూతి మీద లేదు. ఆ మొహంలో భయం లేకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది, ముక్కులోంచి నెత్తురు కారుతుండగానే ఏడ్చాను. అద్దం మీద వేలితో తట్టాను.

అక్క నన్ను చూసింది. వంకర మణికట్టుతో పిడి కొంచెం తిప్పింది. అద్దం వేలెడు దిగింది, చల్లటి గాలి నా మొహానికి కొట్టింది.

"బతికున్నావా?" అంది.

"ఉన్నాను."

"ఏమంటున్నాడు?"

"బండి వెనక్కి తియ్యమంటున్నాడు. దండం పెడతానంటున్నాడు."

"గట్టిగా అంటున్నాడా?"

"గట్టిగానే అంటున్నాడక్కా. వీధి చివరిదాకా వినపడుతుంది. జనం వచ్చేస్తారు."

అక్క తల ఊపింది. నాన్న బండిలో ఇద్దరం కూర్చున్న రోజుల్లో, సందు ఇరుకైనప్పుడు ఎంత జాగా ఉందో ఎలా చూసుకునేదో, అలా ముందుకు చూసింది.

"రానీ," అంది. "అద్దం వేస్తే నాకు మాత్రం లోపలికి ఏమీ వినపడట్లేదు. బాగా చేశావురా."

పిడి తిప్పింది. అద్దం పైకి వెళ్ళి రబ్బరులో కూర్చుంది.